కనుబొమ్మతో చెప్పిన అవును

ఫెలీసా కూర్చోగా చూసినవాళ్ళు ఆ ఓడ మీద లేరు. అన్నం కూడా నిలబడే తింటుంది, సిబ్బంది భోజనశాలలో గోడకి చేరబడి, కంచం అరచేతిలో పెట్టుకుని. "కూర్చుంటే కుర్చీ కరుస్తుందా?" అని వంటవాళ్ళు వేళాకోళం చేస్తే, "కుర్చీ కరవదు, కూర్చున్నాక ఆలోచనలు కరుస్తాయి" అనేది. ఫిలిప్పీన్ దీవుల్లోని ఇఫుగావ్ కొండల్లో పుట్టిన పిల్ల. మెట్టుమెట్టుగా కొండకొమ్ము దాకా ఎగబాకిన వరిమళ్ళ గట్ల మీద నడక నేర్చింది. అక్కడ నిలబడడమంటే ఒక కాలు పైనా ఒక కాలు కిందా. ఓడ ఊగితే మైదానాల నుంచి వచ్చినవాళ్ళు గోడలు పట్టుకుంటారు. ఫెలీసాకి ఊగని నేలంటేనే అనుమానం.

ఈమధ్య ఆ కూర్చోకుండా తిరగడం మరీ ఎక్కువైంది. దానికి కారణం ఉంది.

ఆమె భర్త డెల్ఫిన్ ఇదే కంపెనీ వాళ్ళ ఇంకో ఓడలో రొట్టెలు కాల్చే పని చేస్తాడు. ఆ ఓడ సింగపూర్ నుంచి తిరుగుతుంది, ఈ ఓడ తైవాన్‌లోని కీలుంగ్ నుంచి. పెళ్ళయ్యాక ఇద్దరూ ఒక కప్పు కింద గడిపింది సెలవుల్లోనే, ఆ సెలవులు కూడా కలిసొచ్చినప్పుడు. ఒకసారి ఈమె మనీలాలో దిగిన రోజే అతను బయల్దేరాల్సి వచ్చింది. విమానాశ్రయంలో ఒకే కాఫీ ఇద్దరూ తాగి విడిపోయారు. ఓడలో కింది అంతస్తులో మొగుడూ పెళ్ళాలకి ఇచ్చే గదులు ఏవో కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి ఖాళీ అవుతోంది, అది దొరికితే డెల్ఫిన్ ఈ ఓడకే మారొచ్చు. అడిగినవాళ్ళు చాలామంది.

"నీ పేరు పైనే ఉందట," అన్నాడు బెర్నబే, చాకిరేవు మెట్ల మీద ఆమెని ఆపి. ఫెలీసా పనిచేసే అంతస్తులో క్యాబిన్లు సర్దేవాళ్ళందరికీ పెద్ద అతనే. లూజోన్ ఉత్తరాన్నించి వచ్చినవాడు, అందరికీ 'మానోంగ్', అంటే అన్న. అతనికి తనకన్నా చిన్నవాళ్ళందరూ 'అడింగ్'లే, అంటే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ. "కానీ చూడు అడింగ్, ప్రయాణికుల నుంచి ఒక్క కంప్లయింటు కూడా లేనివాళ్ళకే అంటున్నారు. నీ మీద ఇంతవరకూ ఏమీ లేదు. ఈ ఒక్క ట్రిప్పు నోరు మూసుకుని, చేతులు కట్టుకుని ఒడ్డెక్కు."

"చేతులు కట్టుకుంటే పక్కలు ఎవరు వేస్తారు మానోంగ్?"

"అదిగో, నోరు."

ఆ ట్రిప్పు ఒకినావా దీవుల దాకా వెళ్ళి రావడం. తిరిగి కీలుంగ్ చేరేసరికి ఆఫీసు నుంచి కబురు వస్తుంది.

ఫెలీసా చూసే క్యాబిన్లన్నీ బాల్కనీ ఉన్నవే. పక్కపక్క బాల్కనీల మధ్య మనిషి ఎత్తుకి మించిన అడ్డు పలక ఉంటుంది, తలుపులా బందుల మీద. పైన ఒక గడి, కింద ఒక గడి. నలుచదరపు మూతి ఉన్న తాళంచెవితో రెండూ తిప్పి, పలకని లాగి గోడకి కొక్కెం వేస్తే రెండు బాల్కనీలూ ఒకే వసారా అవుతాయి. అన్నదమ్ములు, వియ్యంకులు, తల్లులూ కూతుళ్ళూ, జతగా క్యాబిన్లు తీసుకున్నవాళ్ళందరూ ఓడ ఎక్కగానే అడిగేది అదే. తెరవడం చిటికెలో పని. మూయడమే కష్టం. తెరిచిన పూట అందరూ ఒకే పళ్ళెంలో తింటారు. మర్నాటికి ఒకరి గురక ఒకరికి, ఒకరి ఫోను గోల ఒకరికి. అప్పుడు ఎవరో ఒకరు నడవాలో ఆమెని పట్టుకుని, గొంతు తగ్గించి, "నేనన్నానని చెప్పకు గానీ, ఆ పలక మూసెయ్యవూ" అంటారు.

అందుకే ఓడలో ఒక నియమం పెట్టారు. తెరవాలంటే రెండు క్యాబిన్ల వాళ్ళూ ఒప్పుకోవాలి. మూయాలంటే ఎవరో ఒకరు అడిగినా చాలు. గాలి జోరుగా ఉంటే మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు, కెప్టెన్ మాట రాగానే అన్నీ మూసెయ్యాలి.

కీలుంగ్‌లో ఎప్పటిలాగే వాన. తడి గొడుగులతో నడవా అంతా చిత్తడిగా ఉండగా డాక్టర్ చుంగ్ ఆమెని పిలిచాడు. తైపేలో పళ్ళ డాక్టరు. నలభై దాటినవాడు, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి కాక నోట్లోకి చూస్తాడు. ఫెలీసా తెలియకుండానే పెదవులు బిగించింది.

"పక్క క్యాబిన్లో మా అమ్మ. మధ్యలో గోడ తెరుస్తారటగా?"

"తెరుస్తాను సర్. ఆవిడని కూడా ఒక మాట అడగాలి."

"ఆవిడదేముంది. నేనూ నా భార్యా ఇక్కడే కదా. ఆవిడని ఒంటరిగా వదలడం నాకిష్టం లేదు."

ఫెలీసా పక్క క్యాబిన్ తలుపు కొట్టి లోపలికి వెళ్ళింది. పెద్దావిడ బాల్కనీలో కుర్చీ వేసుకుని, రేవు వైపు చూస్తూ కూర్చుంది. నల్లగా, పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. ఫెలీసా ఆ రేవులో నేర్చుకున్న వచ్చీరాని చైనీసులో, చేత్తో పలకని చూపిస్తూ అడిగింది. "మేడమ్, ఇది తెరవనా? మీ అబ్బాయి అటు, మీరిటు. తెరవనా?"

పెద్దావిడ నోరు విప్పలేదు. ఆమె వైపు తిరిగి రెండు కనుబొమ్మలూ పైకెత్తింది.

అంటే అవునని. ఇంకెలా చెప్తారు? ఫిలిప్పీన్ దీవుల్లో ఏ దుకాణానికి వెళ్ళి ఉప్పుందా అని అడిగినా, దుకాణం మనిషి కనుబొమ్మలు ఎగరేస్తుంది, ఉందని. బస్సు బనావె వెళ్తుందా అంటే డ్రైవరు ఎగరేస్తాడు, వెళ్తుందని. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని డెల్ఫిన్ అడిగినప్పుడు ఫెలీసాకి నోట మాట రాలేదు. కనుబొమ్మలే లేచాయి. అతను మారు మాట్లాడకుండా వెళ్ళి ఉంగరం తెచ్చాడు.

ఫెలీసా జేబులోంచి తాళంచెవి తీసింది. పై గడి, కింది గడి తిప్పి, పలకని గోడకి చేర్చి కొక్కెం వేసింది. అవతల నుంచి డాక్టరు భార్య జామకాయ ముక్కల పళ్ళెంతో, "అత్తయ్యా" అంటూ నవ్వుతూ వచ్చేసింది. పెద్దావిడ చటుక్కున లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా, చేత్తో నోరు మూసుకుని స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. వెళ్తూ ఫెలీసా వైపు ఒక చూపు చూసింది. సముద్రం పడడం లేదేమో, వాంతి కాబోలు అనుకుంది ఫెలీసా. ఓడ ఇంకా రేవు వదలలేదన్న సంగతి బండి తోసుకుంటూ నడవా చివరికి వెళ్ళాక గాని తట్టలేదు.

మర్నాడు పొద్దున ఆ కుటుంబం టిఫినుకి వెళ్ళాక పెద్దావిడ క్యాబిన్ సర్దడానికి వెళ్ళింది. ముఖం తుడుచుకునే తువ్వాలు ఒకటి తక్కువ. మంచం కింద లేదు, బాల్కనీలో లేదు. చేతులు కడిగే తొట్టి అంచున ఎర్రగా ఒక మరక కనిపించింది. తొట్టి వెనక ఇంకొకటి, చారలా. రక్తమే అనుకుంది ఫెలీసా. రక్తం కక్కుకుంటున్న మనిషి గురించి కింద ఓడ డాక్టరుకి చెప్పకపోతే తప్పు. చెబితే గొడవ, ఆ గొడవలో ఎక్కడో తన పేరు.

వంగి తుడవబోయి ఆగింది. వాసన. సున్నం, పచ్చి వక్క, ఏదో ఆకు. ఇఫుగావ్‌లో ఆమె అమ్మమ్మ ఒంటికి ఎప్పుడూ ఉండే వాసన. వాళ్ళు దాన్ని 'మోమా' అంటారు. ముసలమ్మ మాట్లాడాలంటే ముందు గుమ్మం అవతలికి ఉమ్మి రావాల్సిందే. అంతవరకూ అన్నిటికీ సైగలే.

ఫెలీసా మరకలు రెండూ తుడిచేసింది. నిన్న పెద్దావిడ నోరు ఎందుకు విప్పలేదో అప్పుడు తెలిసింది. కనుబొమ్మల సంగతి మాత్రం ఇంకా తెలియలేదు. అది మధ్యాహ్నం తెలిసింది.

డాక్టర్ చుంగ్ నడవాలో ఎదురయ్యాడు. "చూడమ్మా, మా అమ్మ నిన్నటి నుంచి ముభావంగా ఉంది. తననెవరూ అడగకుండానే గోడ తెరిచారంటోంది. నువ్వు అడగాలన్నావుగా, అడగలేదా?"

"అడిగాను సర్. సరే అన్నారు."

"ఏమంది?"

ఫెలీసా కనుబొమ్మలు ఎత్తింది.

డాక్టరు ఆమె నోటి వైపే చూశాడు. "అదే, ఏమందని అడుగుతున్నాను."

"ఇలా అన్నారు సర్." మళ్ళీ ఎత్తింది.

"ఎలా?"

"ఇలా."

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. డాక్టరు నెమ్మదిగా అన్నాడు. "అది అవునని కాదమ్మా. 'ఏమిటీ?' అని. నువ్వడిగింది అర్థం కాలేదని."

ఫెలీసా చెయ్యి జేబులోని తాళంచెవి మీదికి వెళ్ళింది. "అయితే మూసేస్తాను సర్. ఇప్పుడే..."

"వద్దు వద్దు. జరిగిందేదో మంచికే జరిగింది. తెరిచే ఉంచు." అతను గొంతు తగ్గించాడు. "మా నాన్న లారీ నడిపేవాడు. రోజంతా వక్క నమిలేవాడు. నోట్లో పుండు లేచి పోయాడు. చివర్లో అన్నం కూడా దిగలేదు. ఆ పుండు మొదట చూసింది నేనే. చదువుకుంటున్న రోజులవి. అమ్మ మానేసిందనే చెబుతుంది. నేను నమ్ముతున్నాననే చెబుతాను. అందుకని తెరిచే ఉంచు. మూశావంటే మాత్రం నేను ఊరుకోను."

ఆ చివరి మాట అతను నవ్వుతూనే అన్నాడు. ఫెలీసాకి నవ్వు కనిపించలేదు, మాట ఒక్కటే వినిపించింది.

బెర్నబే అంతా విని తువ్వాళ్ళ దొంతర మీద గడ్డం ఆనించాడు. "అడకత్తెరలో పోకచెక్క అయ్యావు. తల్లి నోటితో మూయమంటే మూసెయ్యొచ్చు. నియమం నీ వైపుంటుంది. మరి అంటుందా?"

"అంటే కొడుక్కి తెలిసిపోదూ, ఎందుకు మూయమంటోందో?"

"అయితే గాలి రావాలి."

ఆ పూట నుంచి ఫెలీసా గాలి కోసం తిరిగింది. పక్క వేస్తూ కిటికీ వైపు, నేల తుడుస్తూ జెండా వైపు. పై అంతస్తులో తాళ్ళు చుట్టే మనిషిని పట్టుకుని, "ఈ పూట గాలి లేస్తుందంటావా?" అని అడిగింది. అతను వేలు తడి చేసి గాలిలో పెట్టి, పెదవి విరిచాడు. గంట గడవకుండానే మళ్ళీ వెళ్ళి అడిగితే, "అక్కా, నీకోసం పైకి ఫోను చేసి తుపాను తెప్పించనా?" అన్నాడు. సముద్రం పళ్ళెంలో పోసిన గంజిలా కదలకుండా ఉంది. పదేళ్ళుగా ఓడలెక్కుతున్న ఫెలీసా గాలి రాకూడదని మొక్కుకున్న రోజులున్నాయి గాని, రావాలని మొక్కుకోవడం అదే మొదలు.

సాయంత్రం పెద్దావిడ క్యాబిన్లో మంచినీళ్ళ సీసాలు మార్చడానికి వెళ్ళింది. కొడుకూ కోడలూ ఈత కొలను దగ్గరికి వెళ్ళినట్టున్నారు. పెద్దావిడ చిన్న ఫ్రిజ్ ముందు నేల మీద గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్ళో తడి తువ్వాలు మూట. ఫెలీసాని చూసి, చీర కొంగులో దాచుకునే ఆడదానిలా మూటని చొక్కా కిందికి తోసుకుంది. ఫెలీసా వెనక తలుపు వేసింది.

"మోమా," అంది, తన బుగ్గ మీద వేలు పెట్టి చూపిస్తూ. "మా అమ్మమ్మ."

పెద్దావిడ ఆమెని ఎగాదిగా చూసింది. మెల్లగా మూట బయటికి తీసి విప్పింది. సున్నం రాసి ఆకు చుట్టిన పచ్చి వక్కలు, పిచ్చుక గుడ్లంత. "ఇత్సెప్," అంది. "మా వాళ్ళ మాట. మేం చైనావాళ్ళం కాము. తూర్పు తీరం. అమిస్ వాళ్ళం, ఆ దీవిలో మొదటి నుంచీ ఉన్నవాళ్ళం."

"ఇత్సెప్ ఎక్కువైతే మంచిది కాదు, ఇనా." పెద్దవాళ్ళని పిలిచే పిలుపు అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

పెద్దావిడ చెయ్యి ఆగింది. "ఏమన్నావ్ నన్ను?"

"ఇనా. అమ్మా అని. మా కొండల్లో అంటాం. తప్పైతే..."

"మేమూ అంటాం." పెద్దావిడ తన కంటి మీద వేలు పెట్టింది. "ఇది?"

"మాతా."

"మాతా!" అయిదు వేళ్ళూ చాపింది.

"లీమా."

పెద్దావిడ నవ్వింది. తెల్లటి పళ్ళు, ఆ వయసుకి ఉండనంత వరసగా. "నా పిల్లలకి లీమా కూడా రాదు. నా పేరు పనాయ్. కాగితాల్లో ఇంకేదో రాస్తారు."

"మా ఆయనది పనాయ్ దీవి," అంది ఫెలీసా. అన్నాక ఆపుకోలేక, నీళ్ళ సీసాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుపుతూనే, డెల్ఫిన్ సంగతీ గది సంగతీ కంప్లయింటు సంగతీ చెప్పేసింది. కనుబొమ్మల సంగతి కూడా. "మా ఊళ్ళో ఇలా అంటే అవునని, ఇనా. మీరు అవునన్నారనుకున్నాను."

"నోట్లో వక్క ఉంది. నువ్వేదో గొణుగుతున్నావు. ఏమిటీ అన్నాను." పెద్దావిడ కనుబొమ్మలు ఎత్తి చూసుకుంది, కొత్త నగ పెట్టుకున్నట్టు. "ఇదా అవునంటే? తేలిగ్గానే ఉందే." తర్వాత నవ్వు తగ్గింది. "పలక మూసెయ్. వాడు అటు నుంచి ఎప్పుడొస్తాడో తెలియక స్నానాలగదిలో నిలబడి నములుతున్నాను, దొంగలా. సముద్రం చూస్తూ నమలాలని ఓడెక్కాను."

"మీరు అడిగారని చెబితే మూసేస్తాను."

"చెప్పకు. అడక్కుండా ఎలా తెరిచావో, అలాగే అడక్కుండా మూసెయ్. కాదంటే కింద కంప్లయింట్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయికి వెళ్ళి చెప్పనా?"

ఫెలీసా సీసాలు జరపడం ఆపేసింది. "మీ అబ్బాయి మీ ఆయన గురించి చెప్పాడు."

"చెప్తాడు. అందరికీ చెప్తాడు." పెద్దావిడ మూట మళ్ళీ చుట్టింది. "ఆయన నిద్ర రాకుండా ఉండడానికి నమిలాడు, బస్తాల లెక్కన. నేను ఏడాదికోసారి, ఇంత మూట. ఇదైపోతే అయిపోయినట్టే. వాడు మంచివాడే. నా నోట్లో పళ్ళన్నీ వాడు పెట్టినవే. పళ్ళు వాడివి, నోరు నాది."

ఫెలీసా బాల్కనీలోకి వెళ్ళి నిలబడింది. తెరిచి ఉంచితే ఈవిడ, మూస్తే అతను. అమ్మమ్మ మోమా నములుతూనే ఎనభై దాటి బతికింది. ఈవిడ మొగుడు బతకలేదు. రెండూ నిజమే. తాళంచెవి చేతిలో అటూ ఇటూ తిప్పింది. నిలబడి ఆలోచించడం ఆమెకి చేతకాదు. కొక్కెం తీసి, పలక లాగి, రెండు గడులూ తిప్పేసింది. లోపల నుంచి "ఊఁ" అని తృప్తిగా ఒక మూలుగు వినిపించింది.

ఈతబట్టల మీద తువ్వాలు చుట్టుకుని వచ్చిన డాక్టరు నడవాలోనే ఆమెని దొరకబుచ్చుకున్నాడు. "గోడ మూసి ఉంది?"

"అవును సర్. గాలి. పై నుంచి మాట వచ్చింది, గాలి ఎక్కువని."

అతను తన క్యాబిన్ తలుపు బార్లా తెరిచాడు. అవతల బాల్కనీ, బాల్కనీ అవతల సముద్రం. ఒక్క అల లేదు. బాల్కనీ కమ్మీ మీద అతని భార్య ఆరేసిన పల్చటి రుమాలు వేలాడుతోంది, గోడకి అతికించినట్టు. ఇద్దరూ ఆ రుమాలు వంకే చూశారు.

"గాలి," అన్నాడు డాక్టరు.

ఫెలీసా బండి తోసుకుంటూ కదిలింది. అతను బట్టలు మార్చుకుని కింద బల్ల దగ్గరికి వెళ్ళాడు.

ఆ తర్వాత ఆమె ఏ క్యాబిన్లో ఏం చేసిందో ఆమెకే తెలియదు. ఒక క్యాబిన్లో పక్క రెండుసార్లు వేసింది. ఒకచోట సబ్బులు పెట్టిన చోటే మళ్ళీ సబ్బులు పెట్టింది. బెర్నబే ఫోను చేసి రమ్మన్నప్పుడు చేతిలో ఎవరిదో దిండు గలీబు ఉంది, దాంతోనే వెళ్ళింది.

పెద్దావిడ క్యాబిన్ గుమ్మం దగ్గర బెర్నబే నిలబడి ఉన్నాడు, పక్కన డాక్టరు. బెర్నబే ముఖంలో అన్నతనం లేదు, ఆఫీసు ఉంది. "ఫెలీసా, గాలి గురించి పై నుంచి ఏ మాటా రాలేదు. కింద కనుక్కున్నారు. సర్ కంప్లయింటు రాయిస్తానంటున్నారు. రాసేముందు ఆ క్యాబిన్ వాళ్ళని అడగడం పద్ధతి. అందుకే పిలిచాను."

"మా అమ్మ మూయమనదు," అన్నాడు డాక్టరు. "కావాలంటే అడగండి."

తలుపు కొట్టారు. చాలాసేపటికి తెరుచుకుంది. పెద్దావిడ గుమ్మంలో నిలబడింది. ఒక బుగ్గ కొంచెం ఉబ్బి ఉంది. పెదవులు కుట్టేసినట్టు బిగించి ఉన్నాయి. లోపల ఏముందో ఫెలీసాకి తెలుసు. ఆ నోరు ఇప్పుడు తెరుచుకోదు. తెరుచుకోని నోటికి తల అడ్డంగా ఊపడమే సులువు. ఊపితే కొడుకు దగ్గర పరువు నిలుస్తుంది, లోపలికి వెళ్ళి తలుపేసుకోవచ్చు.

బెర్నబే మర్యాదగా వంగి, తనకొచ్చిన చైనీసులో అడిగాడు. "మేడమ్, బాల్కనీ పలక మూయమని ఈ అమ్మాయికి మీరు చెప్పారా?"

పెద్దావిడ కొడుకు వంక చూసింది. ఫెలీసా వంక చూసింది. ఆమె చేతిలోని దిండు గలీబు వంక చూసింది. రెండు కనుబొమ్మలూ నిదానంగా, ఎంత ఎత్తుకి లేస్తాయో అంతా పైకెత్తింది.

"చెప్పారట సర్," అన్నాడు బెర్నబే డాక్టరుతో.

"ఎక్కడ చెప్పింది? నోరే విప్పలేదు."

"చెప్పారు కద సర్."

"మీ వాళ్ళందరికీ ఇదేం జబ్బు? ఆవిడకి మీరడిగింది అర్థం కాలేదు. అమ్మా, నువ్వు..." అంటూ డాక్టరు తల్లి వైపు తిరిగాడు. అలవాటు చొప్పున చూపు నోటి మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. బిగించిన పెదవుల మూల సన్నగా ఎర్రటి తడి. పెద్దావిడ దాన్ని తుడుచుకోలేదు. కొడుకుని చూస్తూ మళ్ళీ కనుబొమ్మలు ఎత్తింది. ఈసారి అది అర్థం కాకపోవడం కాదని అతనికీ తెలిసింది.

పక్క క్యాబిన్లో డాక్టరు భార్య జుట్టు ఆరబెట్టుకుంటున్న యంత్రం చప్పుడు వినిపిస్తోంది.

"ఎన్నున్నాయి?" అన్నాడు డాక్టరు చివరికి.

పెద్దావిడ ఒక చేతి వేళ్ళన్నీ చాపింది. లీమా, అనుకుంది ఫెలీసా.

"పొద్దున అద్దం ముందు కూర్చో. నోరంతా చూస్తాను. వద్దంటే కుదరదు." అతను బెర్నబే వైపు తిరిగాడు. "ఏం రాయక్కర్లేదు. ఆవిడ అడిగిందిగా."

"గాలి సంగతి, సర్?"

డాక్టరు ఫెలీసా వైపు చూశాడు. మొదటిసారి కళ్ళలోకి. "రాత్రికి వస్తుందేమో లెండి," అన్నాడు.

గాలి రాత్రికీ రాలేదు, మర్నాడూ రాలేదు. పలక మూసే ఉంది. పొద్దున్నే నీళ్ళ సీసాలు తెచ్చిన ఫెలీసాకి, పెద్దావిడ మంచం అంచున తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని, కొడుకు చేతిలో చిన్న లైటుతో లోపలంతా వెతుకుతూ కనిపించారు. తల్లి కళ్ళు కోపంగా ఉన్నాయి. అతని చెయ్యి మాత్రం మెత్తగా కదులుతోంది.

కీలుంగ్‌లో వాన. నడవా పొడుగునా పెట్టెలు. డాక్టర్ చుంగ్ తన పెట్టె లాక్కుంటూ ఫెలీసా దగ్గర ఆగాడు. "ఇప్పుడు ఏమడిగినా కనుబొమ్మలే ఎగరేస్తోంది మా అమ్మ. అవునో, ఏమిటో, చస్తే నాకు తెలియడం లేదు." వెనక పెద్దావిడ గొడుగు ఊపుకుంటూ వచ్చింది. "బిడ్డా," అని ఫెలీసాని పిలిచి, తన భాషలో ఏదో అంటూ బుగ్గ తట్టి వెళ్ళింది. ఆ మాట ఫెలీసాకి తెలిసినట్టే అనిపించింది, కానీ తెలియలేదు.

క్యాబిన్లు ఖాళీ అయ్యాయి. కొత్తవాళ్ళు ఎక్కేలోపు అన్నీ సర్దాలి. ఫెలీసా దుప్పట్లు లాగి పడేస్తూ, ప్రతి క్యాబిన్ నుంచీ తల బయట పెట్టి నడవా చూస్తోంది. ఆఫీసు నుంచి కబురు వచ్చే వేళ. చివరికి నడవా అటు చివర బెర్నబే కనిపించాడు. చేతుల నిండా తువ్వాళ్ళు, గడ్డం దాకా.

"మానోంగ్," అని కేకేసింది. "కబురు వచ్చిందా? గది మాకేనా?"

అంత దూరం నుంచి బెర్నబే కనుబొమ్మలు ఎత్తాడు. ఎత్తి, తువ్వాళ్ళతో పక్కకి తిరిగి వెళ్ళిపోయాడు.

పుట్టి బుద్ధెరిగాక ఫెలీసాకి ఆ సైగ మీద ఎప్పుడూ అనుమానం రాలేదు. ఇప్పుడు వచ్చింది. అవునన్నాడా? 'ఏమిటీ' అన్నాడా? అంత దూరం, మధ్యలో శుభ్రం చేసే యంత్రం రొద, అసలు తన మాట వినిపించిందా? దుప్పటి కింద పడేసి పరుగెత్తింది. మలుపు దగ్గర అతని మోచేయి పట్టుకుని ఆపేసరికి పై తువ్వాలు జారి కింద పడింది.

"నోటితో చెప్పు మానోంగ్. నాకు నోటితో చెప్పు."

బెర్నబే ఆమెని విచిత్రంగా చూశాడు. వంగి తువ్వాలు తీసుకుంటూ అడిగాడు. "నీ మొగుడు గురక పెడతాడా?"

"ఏం?"

"ఆ పక్క గది నాది. గోడ పల్చన."

ఫెలీసా గోడకి చేరబడింది. అక్కడే, నడవా తివాచీ మీద, మోకాళ్ళు మడుచుకుని కూర్చుంది.

"పెడతాడు," అంది. "బాగా పెడతాడు."